ఒట్టేటి చెలమల్లో ఉప్పు

మండుసీమలో జ్యేష్ఠమాసపు మధ్యాహ్నాన్ని వర్ణించమంటే, మధూకపురం ఆస్థాన కవులు పన్నెండుమంది సూర్యులూ ఒక్కసారే ఉదయించారని చెబుతారు. వాళ్ళలో ఒక్కరూ ఆ సీమలో అడుగు పెట్టినవాళ్ళు కారు. పెట్టినవాడికి తెలుస్తుంది, అక్కడ ఒక్క సూర్యుడే ఎక్కువ. ఇసుకతిన్నెలు చూపు ఆనినంత దూరం బంగారు రంగులో మెరుస్తూ పడి ఉంటాయి. ఆ మెరుపు చూసి మురిసినవాడికి రెండోరోజుకు కళ్ళు కనబడవు. నల్లరాతి గుట్టలు పగలంతా ఎండను తాగి రాత్రంతా కక్కుతాయి. గాలి వీస్తే ఒళ్ళు కాలుతుంది, వీయకపోతే ఊపిరాడదు. ఆకాశంలో గద్ద ఉండదు, నేల మీద తొండ ఉండదు. అక్కడ నీడ అంటే ఒంటె కడుపు కింద చోటు.

ఆ ఎండలో ఇద్దరు మనుషులు నాలుగు ఒంటెలను పరుగెత్తిస్తూ దక్షిణంగా వస్తున్నారు. ఒంటెల మీద ఎనిమిది గోతాల కల్లుప్పు ఉంది. ముందున్నవాడు మురికి పాగాతో, చిరుగుల అంగీతో ఎవరు చూసినా ఉప్పు బేరగాడే అనుకునేట్టున్నాడు. నిజానికి అతను మధూకపురం యువరాజు మణికేతుడు. వెనకవాడు దుగ్గన్న, ఆ సీమలోనే పుట్టి అరవై ఏళ్ళుగా ఒంటెలు తోలుతున్నవాడు.

ధూమ్రజటి అనే మాంత్రికుడు ఏడేళ్ళ వానలను ఏడు తోలుతిత్తుల్లో బంధించి, ఉత్తరాన నీలశిల కొండ గుహలో వేలాడదీసుకున్నాడు. ఏడేళ్ళుగా మధూకపురంలోనూ మండుసీమలోనూ చినుకు లేదు. కొండ కాపలావాళ్ళు ఉప్పు బేరగాళ్ళను తప్ప ఎవరినీ పోనివ్వరు, మాంత్రికుడైనా చప్పిడి కూడు తినలేడు కదా. ఆ వేషంతోనే మణికేతుడు కొండ చేరి, ఒంటెలను కింద దుగ్గన్నకు వదిలి, ఆ తెల్లవారుజామున గుహలో దూరి మొదటి తిత్తిని కత్తితో చీల్చాడు. రెండోదాని మీద చెయ్యి వేసేలోపు గుహను కాచే భూతం కళ్ళు తెరిచింది. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బయటపడ్డాడు. ఏడాది వానను విడిపించానన్న సంబరం ఇప్పుడు అతని ముఖం నిండా ఉంది. మంచి పని చేశాననుకునేవాడి ముఖంలో ఆ వెలుగు చూస్తే నాకు ఎప్పుడూ భయమే.

నల్లగుట్ట శిఖరం ఎక్కగానే దుగ్గన్న ఒంటెను ఆపి వెనక్కి తిరిగి చూశాడు. పొద్దున దాకా నీలంగా కనబడిన కొండ ఇప్పుడు లేదు. దాని చోట తారు పూసినట్టు నల్లటి గోడ నిలబడి ఉంది. ఆ గోడలో మెరుపులు కిందికి కాక అడ్డంగా పాకుతున్నాయి. ఉరుము వినబడదు, కానీ ఒంటెల చెవులు నిక్కబొడుచుకున్నాయి. నెత్తిన మాత్రం ఆకాశం తెల్లగా, కడిగిన పళ్ళెంలా ఉంది.

"పడుతోంది దుగ్గన్నా," అన్నాడు మణికేతుడు నవ్వుతూ. "రేపటికి ఇక్కడికీ వస్తుంది వాన."

"వాన రాదు సామీ. నీళ్ళు వస్తాయి," అన్నాడు దుగ్గన్న. "ఈ సీమలో వాన మన నెత్తిన పడదు. కొండ మీద పడతాది, మన కాళ్ళ కిందికి వస్తాది. ఒక్క ఏడాది వాన ఒక్క పూటలో పడితే రాళ్ళు కూడా ఈదుకుంటా వస్తాయి. ఒకసారి కిందికి చూడు."

గుట్ట కింద ఒట్టేరు ఉంది. రాజపత్రాల్లో దాని పేరు శుష్కవాహిని. ఏడేళ్ళుగా అది ఉత్త ఇసుక దారి, అర్ధకోసు వెడల్పున, రెండు వైపులా ఆరు నిలువుల ఎత్తు గట్లతో. ఆ ఇసుక నడుమ పాలెం ఊరంతా కాపురం ఉంది. వేసవి వస్తే గట్టు మీది ఇళ్ళు వదిలి, ఇసుకలో చెలమలు తోడుకుని, వాటి పక్కనే తాటాకు చాపల పందిళ్ళ కింద బతకడం వాళ్ళ అలవాటు. మోకాటి లోతు గుంటలో జానెడు నీళ్ళు ఊరతాయి. నాలుగైదు ఇళ్ళకు ఒక చెలమ. అలాంటివి నలభై, రెండు వరసలుగా, ఏటి నడిమధ్య దాకా ఉన్నాయి. ఆడవాళ్ళు, పిల్లలు, మేకలు, ముసలివాళ్ళు అందరూ అక్కడే.

మణికేతుడి ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"ఎంతసేపు ఉంది?"

"కొండ మీద పడబట్టి జాము దాటుంటాది. ఇంకో రెండు ఘడియలు. అంతకంటే ఉండదు."

దుగ్గన్న మొలలోని కొమ్ముబూర తీసి, గుట్ట మీద నిలబడి మూడుసార్లు ఊదాడు. ఏరు వస్తోందని ఆ సీమలో తరతరాల గుర్తు అది. కింద ఒక్క మనిషీ లేవలేదు. ఎక్కడో ఎవడో పకపకా నవ్వాడు.

మణికేతుడు ఒంటెను గట్టు దింపి, ఇసుకలో దుమ్ము లేపుతూ మొదటి పందిరి దగ్గర దూకాడు. ఊరిపెద్ద బొల్లప్ప చెలమ పక్కన గొంతుక్కూచుని ఉన్నాడు. నల్లగా, ఎముకలు కనబడేట్టు ఎండిపోయిన మనిషి.

"బొల్లప్పన్నా, ఊరిని లేపు. ఏరు వస్తోంది."

బొల్లప్ప తల ఎత్తి ఆకాశం చూశాడు. మళ్ళీ అతన్ని చూశాడు. "ఈ వేసవిలో ఇది నాలుగోసారి," అన్నాడు.

"ఏది?"

"కొమ్ము. మూడుసార్లు మోగింది, మూడుసార్లూ బిడ్డల్ని సంకనేసుకుని గట్టెక్కినాము. ఏరు రాలే. ధూమ్రజటి మనుషులు వచ్చినారు. ఖాళీ చెలమ దగ్గర ఎవడు ముందు కూర్చుంటే చెలమ వానిది, అది మా కట్టుబాటు. మా చెలమలు మేము తిరిగి తెచ్చుకునేదానికి మందలో సగం మేకల్ని ఇచ్చినాము. మూడోసారి దప్పికతో పదకొండు మందిని పూడ్చినాము. ఇంక ఏ కొమ్ముకూ లేచేది లేదని ఊరంతా ఇసుక పట్టుకుని ఒట్టేసుకున్నాము."

"నేను ఉప్పువాణ్ణి కాదు. మధూకపురం యువరాజును. ధూమ్రజటి వానల తిత్తి చీల్చింది నేనే. ఇదిగో రాజముద్రిక."

బొల్లప్ప ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. "రెండోసారి వచ్చినోడు కూడా రాజుగారి మనిషినే అన్నాడు. వాని ఉంగరం దీనికంటే పెద్దది. పో నాయనా. చెలమ వదిలితే దప్పికతో చస్తాము, అది మాత్రం ఖాయం. నీ ఏరు సంగతి నువ్వే చెప్తాండావు."

ఇంక ఏం చెప్పినా ఆ మనిషి లేవడని మణికేతుడికి అర్థమైంది. బొల్లప్పది మూర్ఖత్వం కూడా కాదు. అదే చోట నేనున్నా లేచేవాణ్ణి కాను.

మణికేతుడు తిరిగి వచ్చేసరికి దుగ్గన్న మిగతా ఒంటెలతో ఇసుకలోకి దిగి ఉన్నాడు. "చెలమ ఉన్నంతసేపు వీళ్ళు కదలరు దుగ్గన్నా. చెలమ చెడిపోతే?"

దుగ్గన్న అతని చూపు ఎటు పోతోందో చూశాడు. గోతాల మీదికి పోతోంది.

"సామీ, ఆ మాట అనకు. చెలమ చెరిచినోనికి ఈ సీమలో ఒకటే శిక్ష. ఎవరి నీళ్ళు చెడినాయో ఆ ఇంట్లో ప్రతి ప్రాణీ వాని మీద రాయి వెయ్యాల. ముసలోళ్ళని మోసుకొని వస్తారు. పాలు తాగే బిడ్డ చేతికి కూడా రాయి తాకించి వేస్తారు. ఒక్కరు మిగిలినా ఆ పాపం ఆ ఇంటికి చుట్టుకుంటాది."

"అందరూ వస్తారా?"

"అందరూ."

"నేను గట్టు ఎక్కితే గట్టు మీదికి వస్తారా?"

దుగ్గన్న గోతం కట్లు విప్పడం మొదలుపెట్టాడు. "ఎడమ వరస నాది," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం కావడం ఒక్కటే వాళ్ళకు కలిసివచ్చింది. సగం ఊరు చాపల నీడలో కళ్ళు మూసుకుని పడి ఉంది. కాపలా కూర్చున్నవాళ్ళు కూడా తల మోకాళ్ళ మీద పెట్టుకుని జోగుతున్నారు. రెండు ఒంటెలు రెండు వరసల వెంట దౌడు తీశాయి, మిగతా రెండూ వాటి వెనకే ఉరికాయి. మణికేతుడు గోతం మూతి ఒడిలో పెట్టుకుని, ఒంటె మీంచి పక్కకు వంగి, ప్రతి చెలమలోనూ రెండు దోసిళ్ళ ఉప్పు విసురుతూ పోయాడు. ఒకటి. రెండు. అయిదు. ఎనిమిదో చెలమ దగ్గర కాపలా ముసలాయన కళ్ళు తెరిచి, "ఏందిరా అది?" అని వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. అతను పెట్టిన కేక మనిషి కేకలా లేదు. ఆ సీమలో కొడుకు పోయినా అలా ఏడవరు.

పందిళ్ళు కదిలాయి. గునపాలు, పారలు చేతికొచ్చాయి. ఒక గునపం ఒంటె మెడను రాసుకుంటూ పోయింది. ఎవడో మణికేతుడి కాలు పట్టుకున్నాడు, అతను విదిలించుకుని ముందుకు ఉరికాడు. పన్నెండు, పదిహేను. ఒకామె చెలమ మీద బోర్లా పడుకుని రెండు చేతులూ చాచింది. ఆమె మోచేతి కిందుగా ఉప్పు విసరాల్సి వచ్చింది. "నా బిడ్డ నీళ్ళురా," అంటోందామె. మణికేతుడు విసిరాడు.

వరసలో ఆఖరి చెలమ ఏటి నడిమధ్యలో ఒంటరిగా ఉంది. అది ఓబులవ్వది, బొల్లప్ప తల్లిది. కొడుకు సంసారానికి వేరే చెలమ ఉంది. ఆమె మాత్రం మొగుడు తవ్విన చెలమ వదలనని అక్కడే ఒక్కతే ఉంటుంది. అయిదురోజుల కిందట, కొండకు పోయే దారిలో మణికేతుడు వడదెబ్బ తగిలి నోట నురుగుతో ఈ ఇసుకలో పడిపోతే, ఊళ్ళో అందరూ చూస్తుండగా ఆ ముసలమ్మ తన ఒకరోజు నీళ్ళు మొత్తం అతని గొంతులో పోసింది. బయటివాడికి చెలమ నీళ్ళు పోసినందుకు ఊరు ఆమెను రెండురోజులు పలకరించలేదు కూడా.

మణికేతుడు గోతంలో చెయ్యి పెట్టాడు. చెయ్యి పైకి రాలేదు.

ఓబులవ్వ చిన్న మట్టి గురిగితో నీళ్ళు ముంచి కుండలో పోస్తూ తల ఎత్తింది. "నువ్వేనా ఉప్పోడా. ఏందిరా ఆ గొడవ?"

"అవ్వా, ఏరు వస్తోంది. నిజంగా వస్తోంది. ఊరు లేవాలని అందరి చెలమల్లో ఉప్పు వేశాను. నీ దాంట్లో వెయ్యలేను. నన్ను నమ్ము. లే, ఒంటె ఎక్కు."

ముసలమ్మ ఇసుక మీద అరచెయ్యి ఆనించి ఒక క్షణం ఊరుకుంది. "వస్తాంది," అంది. "నేల వణుకుతాంది. నువ్వు అబద్ధం చెప్పలే."

"అయితే రా అవ్వా."

"ఊరందరి నీళ్ళూ చెరిపినావు. గట్టెక్కినాక ఆ పసిబిడ్డలు ఏం తాగుతారు? వచ్చేది బురద ఏరు, రెండురోజులు నోట్లో పోసుకోనీకి పనికిరాదు. ఊరు మొత్తానికి మంచినీళ్ళు ఇంక ఇవే. ఈ ఒక్క కుండ నిండనీ. నీ వెనకే వస్తా."

"అవ్వా!"

"నిన్ను తరుముకొని వస్తాండారు చూడు. నువ్వు ఈడ చస్తే వాళ్ళూ ఈడనే ఆగిపోతారు. పో."

ఆమె చెప్పింది నిజమే. వందలమంది అరుస్తూ వస్తున్నారు. వాళ్ళు అక్కడ తనను పట్టుకుంటే ఊరంతా ఏటి మధ్యలోనే నిలబడి రాళ్ళు వేస్తుంది. మణికేతుడు ఒంటెను తిప్పి గట్టు వైపు కొట్టాడు. కుండ ఎంతసేపట్లో నిండుతుందని ఆ క్షణాన అతను ఆలోచించలేదు. చెలమలో నీళ్ళు గురిగెడు గురిగెడుగా ఊరతాయి.

ఒట్టేటి గట్టు ఎక్కే మేకల దారిలో ఒంటె మోకాళ్ళ మీద పడింది. మణికేతుడు దూకి చేతులతో పాకుతూ పైకి చేరాడు. దుగ్గన్న అప్పటికే అక్కడ, నుదుటి నుంచి నెత్తురు కారుతూ నిలబడి ఉన్నాడు. వెనక మొత్తం పాలెం వస్తోంది. కుంటివాళ్ళను వీపున వేసుకుని, చంటిబిడ్డలను కొంగున కట్టుకుని పరుగెత్తుతున్నారు. మేకలు కూడా అరుచుకుంటూ వెంటపడి వస్తున్నాయి. తనను చంపడానికి వస్తున్న జనాన్ని చూసి ఒక మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని దండం పెట్టడం నేను ఇంకెక్కడా వినలేదు. మణికేతుడు పెట్టాడు.

మొదటి రాయి భుజానికి తగిలింది, రెండోది పక్కటెముకలకు. అతను పారిపోలేదు. గట్టు అంచు నుంచి ఇంకో నూరడుగులు వెనక్కి నడిచి నిలబడ్డాడు, అందరూ పైకి రావాలని. తల్లులు బిడ్డల చేతులకు రాళ్ళు తాకించి విసురుతున్నారు. రాయి చెవి మీద తగిలి అతను ఒక మోకాలి మీద కూలాడు.

బొల్లప్ప ఊరిపెద్ద కాబట్టి చివరి రాయి అతనిది. రెండు చేతులా ఎత్తుకున్న బండతో ముందుకు వచ్చాడు. ఎత్తేముందు, కట్టుబాటు ప్రకారం, ఊరు మొత్తం వచ్చిందా లేదా అని ఇంటి ఇంటినీ పేరు పెట్టి పిలిచాడు. ఒక్క ఇల్లు తప్ప అందరూ పలికారు.

"మా అమ్మ యాడ?"

"ఆమె చెలమ చెడలేదు," అంది ఒక ముసలమ్మ. "ఆమె రాయి వెయ్యనక్కర్లే."

అప్పుడు ఒంటెలన్నీ ఒక్కసారి గట్టుకు దూరంగా పరుగెత్తాయి. ఉత్తరం నుంచి ఒక చప్పుడు వచ్చింది. అది ఉరుము కాదు, ఉరుమైతే ఆగుతుంది. ఇది ఆగలేదు.

జనం అంచుకు పరుగెత్తారు. ఏటి వంపులో ముందు ఒక సన్నటి పాయ కనబడింది, చీమల బారులా నెమ్మదిగా, ఎండుటాకులూ నురుగూ నెట్టుకుంటూ. ఏడేళ్ళ తర్వాత ఏట్లో నీళ్ళు చూసి ఒక పిల్ల చప్పట్లు కొట్టింది. ఆ పాయ వెనక గోడ ఉంది. ఎర్రటి గోడ, రెండు నిలువుల ఎత్తున, వేళ్ళతో సహా లేచిన చెట్లను దొర్లిస్తూ, అటు గట్టు నుంచి ఇటు గట్టు దాకా.

ఓబులవ్వ గట్టుకు సగం దూరంలో ఉంది. తల మీద నిండుకుండ ఉంది. ఒక చేత్తో కుండ పట్టుకుని, చుక్క తొణక్కుండా, నిటారుగా నడిచి వస్తోంది.

"కుండ పారెయ్యమ్మా!" అని బొల్లప్ప గొంతు చీలేట్టు అరిచాడు. "పారేసి ఉరుకు!"

ఆమెకు వినబడిందో లేదో తెలియదు. వినబడినా నీళ్ళకుండ కింద పారెయ్యడం ఆ సీమలో పుట్టినవాళ్ళకు చేతకాదు. నడక మాత్రం కొంచెం వేగం చేసింది.

బొల్లప్ప చేతిలో బండ వదిలి మేకల దారిలో కిందికి దూకాడు. నెత్తురు కారుతున్న మణికేతుడు వెనకే దూకి, సగం దారిలో అతని నడుం ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో దారి పక్కనున్న రాతిని కావలించుకున్నాడు. బొల్లప్ప పిడికిళ్ళతో ముఖం మీద గుద్దాడు, మణికట్టు కొరికాడు. మణికేతుడు వదల్లేదు. గోడ వాళ్ళ కాళ్ళ కింద బారెడు దూరంలో గట్టును ఒరుసుకుంటూ పోయింది. బురద ఇద్దరి ముఖాల మీద కొట్టింది. పందిళ్ళు, చాపలు, గునపాలు, నలభై చెలమలు అన్నీ పోయాయి. కళ్ళు తుడుచుకుని చూసేసరికి నడుమ ఎర్రటి నీళ్ళు తప్ప ఏమీ లేవు.

గట్టు మీద ఊరు ఊరంతా, చేతుల్లో ఇంకా రాళ్ళతో, కింద పోతున్న తమ చావును చూస్తోంది. ఒక్కొక్కరే రాళ్ళు కింద పెట్టారు.

బొల్లప్ప రాతికి ఆనుకుని కూర్చున్నాడు. అతని గొంతు ఇప్పుడు మెల్లగా ఉంది. "మా అమ్మ చెలమలో ఉప్పు ఎందుకు వెయ్యలేదు?"

"నాకు నీళ్ళు పోసింది," అన్నాడు మణికేతుడు. "చేతులు రాలేదు."

"వేసుంటే నిన్ను కొట్టేదానికి అందరికంటే ముందు వచ్చుండేది."

మణికేతుడు తల దించుకున్నాడు. ఆమెను చంపింది ఏరు కాదని, తన మెత్తదనమేనని అతనికి తెలిసిపోయింది.

ఉత్తరాన, నల్లటి గోడ వెనక, ఇంకో పెద్ద మెరుపు మెరిసింది. అది పైనుంచి కిందికి, తోలును కత్తితో కోసినట్టు నిలువుగా దిగింది. దుగ్గన్న గట్టు మీద నుంచి దాన్ని చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "రెండో తిత్తి సామీ. ఈసారి ఆ ధూమ్రజటే కోసినాడు. మనకు వాన ఇయ్యడానికి కాదు."

బొల్లప్ప లేచి నిలబడ్డాడు. ఏరు పోతున్న దిక్కుకు చూశాడు. "కింద ఏడు ఊళ్ళుండాయి. ఏడూ ఏట్లోనే చెలమలేసుకొని ఉండాయి. వాళ్ళూ మా మాదిరే ఒట్టేసుకున్నారు. ఏరు గాడిదగుట్ట చుట్టూ తిరిగి పోతాది. అడ్డదారిన ఒంటె మీద పోతే ముందు చేరొచ్చు." అతను మణికేతుడి వైపు తిరిగాడు. "ఉప్పు ఎంత మిగిలింది?"

"రెండు గోతాలు. తక్కినవి ఆ తోపులాటలో ఏట్లో పడిపోయాయి."

"చాలదు. పిడికెడు పిడికెడు వేద్దాము. ఒక్క చెలమ కూడా వదిలేది లేదు, ఎవరిదైనా సరే."

ముగ్గురూ ఒంటెలెక్కారు. వెనక గట్టు మీద ఎవరో ఒకామె ఓబులవ్వ పేరు పెట్టి ఏడుపు ఎత్తుకుంది. కొడుకు వెనక్కి తిరగలేదు. ఒంటెలు ఇసుకతిన్నె దిగుతుండగా అతను గోతం మూతి విప్పి ఒక పిడికిలి నింపుకుని, వేళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మొదటి ఊళ్ళో మా చెల్లెలుండాది," అన్నాడు. "దాని చెలమలో నేనేస్తా."